ఢీకొన్న ఆ కాసేపట్లో ఘర్షణ ఏం చేస్తుంది?

(అనంతపురంలో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో కూర్చున్నవాళ్ళకు వినపడుతోంది కదా? సరే, మొదలుపెడదాం.

ఇంటర్మీడియట్‌లో మనమంతా అభిఘాతాల పాఠం చదువుకున్నాం. రెండు గోళాలు ఎదురెదురుగా వస్తాయి, ఢీకొంటాయి, విడిపోతాయి. ద్రవ్యవేగ నిత్యత్వం ఒక సమీకరణం, ప్రత్యావస్థాన గుణకం, అంటే విడిపోయే వేగాన్ని దగ్గరయ్యే వేగంతో భాగిస్తే వచ్చేది, ఇంకో సమీకరణం. తెలియని వేగాలు రెండే కాబట్టి లెక్క తేలిపోతుంది. అయితే ఆ లెక్కల్లో చాలావాటికి మొదట్లోనే ఒక షరతు ఉంటుంది: తలాలు నునుపైనవి అనుకోండి అని. ఎందుకు అనుకోవాలి అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటుంది. ఢీకొనే సమయం సెకనులో వెయ్యో వంతు, అంత తక్కువ సమయంలో ఘర్షణ చేసేదేముంటుంది, వదిలేయొచ్చు అని.

ఈ జవాబు తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే నేను వచ్చాను. ఇది ఒక్కటి సరిగ్గా మనసుకు పడితే క్యారమ్స్ నుంచి రోబోల దాకా చాలా సంగతులు వాటంతటవే విడిపోతాయి.

మన సీమలో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు మీరంతా చూసే ఉంటారు. ఎద్దుల జత బండను ఈడుస్తుంది. ఆ బండ మీద నలుగురు మనుషులెక్కి నిలబడితే ఏమవుతుంది? లాగడం ఇంకా కష్టమవుతుంది. బండ అడుగు మారలేదు, నేల మారలేదు. మారింది ఒక్కటే, బండ నేలను నొక్కే బలం. ఆ నొక్కే బలం ఎంత పెరిగితే ఘర్షణ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఈ నియమాన్ని 1699లో అమోంటాన్ చెప్పాడు, 1780లలో కూలుంబ్ ఎన్నో ప్రయోగాలు చేసి గట్టిపరిచాడు. జారుతున్నప్పుడు ఘర్షణ అంటే ఘర్షణ గుణకం ఇంటూ అభిలంబ బలం. గుణకం అంటే ఆ రెండు తలాలనుబట్టి ఉండే సంఖ్య, అభిలంబ బలం అంటే ఆ నొక్కే బలమే. అంతే.

ఇప్పుడు బండను పక్కనబెట్టి బంతి తీసుకుందాం. వంద గ్రాముల రబ్బరు బంతి. మీటరుంపావు ఎత్తు నుంచి పడితే నేలను చేరేసరికి కిందివైపు వేగం సెకనుకు దాదాపు 5 మీటర్లు. ప్రత్యావస్థాన గుణకం 0.8 అనుకుందాం, అంటే సెకనుకు 4 మీటర్ల వేగంతో పైకి లేస్తుంది. వేగంలో మొత్తం మార్పు 9. దాన్ని ద్రవ్యరాశితో గుణిస్తే ప్రచోదనం, అదే ఇంపల్స్, 0.9 న్యూటన్ సెకన్లు. బంతి నేలను తాకి ఉన్న సమయం 5 మిల్లీసెకన్లు అనుకుంటే, ఆ కాసేపు నేల బంతిని నెట్టిన సగటు బలం 180 న్యూటన్లు. ఆ బంతి బరువు ఎంత? ఒక్క న్యూటన్. అంటే తన బరువుకు 180 రెట్ల బలంతో ఆ బంతి నేలను నొక్కింది. మరి ఘర్షణ దేన్నిబట్టి ఉంటుందన్నాం? నొక్కే బలాన్నిబట్టి. గుణకం 0.5 అయితే ఘర్షణ 90 న్యూటన్లు!

సమయం తక్కువ కదా అన్నవాళ్ళ వాదన ఎక్కడ దెబ్బ తింటుందో చూడండి. బంతి ఇంకా గట్టిదై, తాకి ఉండే సమయం 5 నుంచి 1 మిల్లీసెకనుకు తగ్గిందనుకోండి. నొక్కే బలం ఐదు రెట్లయింది, ఘర్షణా ఐదు రెట్లయింది. సమయం ఐదో వంతయింది. గుణిస్తే ఘర్షణ ప్రచోదనం అంతే మిగిలింది, 0.45. సమయాన్ని ఇంకా ఎంత తగ్గించినా అది తగ్గదు. గురుత్వాకర్షణ సంగతి అట్లా కాదు. దాని బలం ఒక్క న్యూటనే, సమయం తగ్గితే దాని ప్రచోదనమూ తగ్గిపోతుంది, కాబట్టి దాన్ని నిశ్చింతగా వదిలేయొచ్చు. ఘర్షణను మాత్రం వదలకూడదు, ఎందుకంటే అది ఆ పెద్ద బలానికే కట్టుబడి ఉంది.

ఇక అసలు మలుపు ఇక్కడుంది. ఆ బంతిని నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా వేద్దాం. కిందివైపు వేగం అదే 5, అడ్డంగా వేగం 7, తిరగడం లేదు. నున్నటి కడప బండ మీద పడింది. ఘర్షణ రెండు పనులు చేస్తుంది. బంతి అడ్డవేగాన్ని తగ్గిస్తుంది, అదే సమయంలో బంతిని తిప్పుతుంది. ఈ రెండూ కలిసి, నేలను తాకే బిందువు దగ్గర జారుడును తగ్గించుకుంటూ వస్తాయి. జారుడు సున్నా అయిందంటే ఇక బంతి దొర్లుతున్నట్టే. అప్పుడు ఘర్షణకు పని లేదు.

గట్టి గోళానికి లెక్క కడితే, జారుడు ఆగిపోయేసరికి అడ్డవేగంలో ఏడింట రెండు వంతులు పోతుంది, ఐదు వంతులు మిగులుతుంది. మన బంతి 7తో వచ్చి 5తో వెళ్తుంది. పోవలసింది 2, కానీ 0.5 గుణకంతో ఘర్షణకు 4.5 దాకా తీసేసే సత్తా ఉంది. కాబట్టి బంతి నేల మీద ఉన్న కాలంలో, మొత్తం ప్రచోదనంలో సగం కూడా పూర్తికాకముందే, జారుడు ఆగిపోయింది. ఇప్పుడు గుణకాన్ని 0.9 చేయండి. జవాబు మారదు, మళ్ళీ 5తోనే వెళ్తుంది! నేల ఇంకా గరుకైనంత మాత్రాన బంతి ఇంకా నెమ్మదించదు. అదే బండ మీద నూనె ఒలికి గుణకం 0.1 అయిందనుకోండి, అప్పుడు ఘర్షణ 0.9 మాత్రమే తీయగలదు. బంతి చివరిదాకా జారుతూనే ఉండి 6.1తో వెళ్తుంది. తాకిడి ఒకటే అయినా లోపల జరిగే కథలు రెండు: చివరిదాకా జారడం, మధ్యలో పట్టు దొరకడం. లెక్క మొదలుపెట్టే ముందు ఏ కథో తేల్చుకోవాలి. బంతి బోలుగా ఉంటే పోయేది ఐదింట రెండు వంతులు. బరువంతా అంచునే ఉండటంతో దాన్ని తిప్పడం కష్టం, అందుకని తేడా.

క్యారమ్స్ ఆడేవాళ్ళు చేతులెత్తండి. బాగుంది, చాలామందే ఉన్నారు. బోర్డు మీద పౌడరు చల్లి ఘర్షణ తగ్గిస్తాం. కానీ అది కాయిన్‌కూ బోర్డుకూ మధ్య ఘర్షణ. స్ట్రైకర్ అంచు కాయిన్ అంచును తాకినచోట ఇంకో ఘర్షణ ఉంది, దాని సంగతి ఎవరూ మాట్లాడరు. పుస్తకం లెక్క ప్రకారం కాయిన్ రెండు కేంద్రాలను కలిపే గీత వెంట పోవాలి. కట్ కొట్టినప్పుడు, అంటే స్ట్రైకర్‌ను కాయిన్ నడిమికి కాకుండా ఒక పక్కకు తగిలించినప్పుడు మాత్రం, అట్లా పోదు. స్ట్రైకర్ కాయిన్ పక్కనుంచి రాసుకుంటూ పోతుంది కదా, పోతూ పోతూ కాయిన్‌ను తాను పోయే వైపుకు కొంచెం ఈడుస్తుంది.

ఎంత ఈడుస్తుంది? అంచుల వెంట పనిచేసే అడ్డ ప్రచోదనాన్ని, కేంద్రాల గీత వెంట పనిచేసే నిలువు ప్రచోదనంతో భాగిస్తే ఆ పక్కకు తిరిగిన కోణం టాన్ విలువ వస్తుంది. చివరిదాకా జారితే ఆ నిష్పత్తి సరిగ్గా ఘర్షణ గుణకమే. అంచుల మధ్య గుణకం 0.1 అనుకుంటే కోణం దాదాపు 6 డిగ్రీలు. 6 డిగ్రీలంటే ఏముందిలే అనిపిస్తుంది. కాయిన్ అరమీటరు దూరంలో ఉన్న పాకెట్ వైపు పోతుంటే, అక్కడికి చేరేసరికి 5 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. క్యారమ్ పాకెట్ వ్యాసం 4.45 సెంటీమీటర్లు. గురి పాకెట్ మధ్యకే పెట్టినా కాయిన్ బయటే ఉంటుంది.

బాగా ఆడేవాళ్ళు ఏం చేస్తారు? గీత ప్రకారం తగలాల్సిన చోటుకన్నా ఇంకాస్త పలచగా కట్ కొడతారు. ఆ ఈడ్పును ముందే లెక్కలో వేసుకుంటారన్నమాట. వాళ్ళు సమీకరణాలు రాయలేదు, వేళ్ళకు తెలిసింది అది. ఇంకో సంగతి. బిళ్ళల ఆకారానికి లెక్క కడితే, ప్రత్యావస్థాన గుణకం 0.8 దగ్గర, కట్ కోణం, అంటే స్ట్రైకర్ వచ్చే దారికీ కేంద్రాల గీతకూ మధ్య కోణం, సుమారు 28 డిగ్రీలు దాటితే ఈ ఈడ్పు గరిష్ఠానికి చేరుతుంది. అంతకన్నా నిండుగా తగిలితే తాకిడి మధ్యలోనే రెండు అంచులూ పట్టుకుంటాయి, ఈడ్పు తగ్గుతుంది. సరిగ్గా నడిమికి తగిలితే అస్సలు ఉండదు. బిలియర్డ్స్ బంతుల మీద ఇటువంటి లెక్కలన్నీ 1835లోనే కొరియోలిస్ ఒక పుస్తకంగా రాశాడు. భూమి తిరగడం వల్ల గాలులు పక్కకు తిరుగుతాయని మీరు చదివే పాఠంలో వచ్చే కొరియోలిస్ ఆయనే.

క్రికెట్ మాట్లాడకుండా అనంతపురంలో ఈ విషయం ముగించలేం. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మన ఆర్డీటీ స్టేడియంలోనే జరిగాయి. స్పిన్నర్ బంతి పిచ్ మీద పడి తిరగడం అంటే నేలతో ఒక తాకిడి, అందులో ఘర్షణ చేసిన పని. ముందుకు వేగం సెకనుకు 20 మీటర్లు, బంతి సెకనుకు 30 చుట్లు పక్కవాటుగా తిరుగుతోంది. 3.6 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి, ఆ తిరగడం వల్ల బంతి అడుగున పక్కకు జారే వేగం దాదాపు 7. ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఘర్షణ ఒక్కటే బలం. ముందుకు జారేదానికి ఒకటి, పక్కకు జారేదానికి ఒకటి అని రెండు ఘర్షణలు లేవు. మొత్తం జారుడు ఏ దిశలో ఉంటే దానికి సరిగ్గా ఎదురు దిశలో అది పనిచేస్తుంది. 20కీ 7కీ కలిపిన దిశ ఎక్కువగా ముందుకే ఉంది కాబట్టి, ఘర్షణలో మూడో వంతే బంతిని పక్కకు తిప్పుతుంది, ఎక్కువ భాగం వెనక్కి లాగడానికే పోతుంది.

కిందికి పడే వేగం 5, గుణకం 0.4, ప్రత్యావస్థాన గుణకం 0.5 పెట్టుకుంటే ఘర్షణ మార్చగల వేగం మొత్తం 3. అందులో పక్కకు 1. పిచ్ అయిన చోటు నుంచి బ్యాటర్ 3 మీటర్ల దూరంలో ఉంటే బంతి 17 సెంటీమీటర్లు తిరుగుతుంది. ఇప్పుడు అదే బౌలర్ అదే తిప్పుడుతో బంతిని గాలిలో తేల్చి వేశాడనుకోండి. ముందుకు వేగం 17కు తగ్గింది, కిందికి పడే వేగం 6 అయింది. రెండు లాభాలు ఒకేసారి. గట్టిగా పడింది కాబట్టి ఘర్షణ పెరిగింది, ముందుకు జారుడు తగ్గింది కాబట్టి ఆ ఘర్షణలో పక్కకు వచ్చే వాటా కూడా పెరిగింది. లెక్క కడితే తిరుగుడు 30 సెంటీమీటర్లు వస్తుంది. బ్యాట్ వెడల్పు నిబంధనల ప్రకారం 10.8 సెంటీమీటర్లు మించకూడదు. గాలిలో తేల్చి వేయమని కోచ్‌లు చెప్పేది ఊరికే కాదు.

వాహనాల గురించి రెండు మాటలు. కర్నూలు నుంచి మన జిల్లా మీదుగా బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒక ప్రమాదం జరిగితే, తర్వాత వేగాలు లెక్కగట్టే ఇంజనీర్లు ఇదే చిక్కును ఎదుర్కొంటారు. సెకనుకు 15 మీటర్ల వేగంతో పోయే కారు సెకనులో పదో వంతులో ఆగిపోతే దాని మీద పనిచేసిన బలం కారు బరువుకు 15 రెట్లు. టైర్లకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ సాధారణంగా బరువులో 0.7 వంతు దగ్గర ఉంటుంది. కాబట్టి ఢీకొన్న ఆ కాసేపు రోడ్డు ఘర్షణను వదిలేయొచ్చు. రెండు కార్ల రేకులు ఒకదాన్నొకటి రాసుకున్నచోట ఘర్షణను మాత్రం వదలకూడదు, అది 15 రెట్ల బలం మీద ఆధారపడింది. ఒకే ప్రమాదంలో ఒక ఘర్షణను వదిలేయాలి, ఇంకో ఘర్షణను పట్టుకోవాలి. ఏది దేన్ని నొక్కుతోంది అని అడిగితే తేడా తెలిసిపోతుంది.

ఇంతవరకూ గుండ్రటి వస్తువులే చూశాం, అవి మనకు మర్యాదగా లొంగుతాయి. కర్రను తీసుకుంటే సంగతి మారిపోతుంది.

ఇట్లా రామ్మా, ఈ కర్రను ఏటవాలుగా పట్టుకుని అట్లాగే వదులు. చూశారా, పక్కకు నెట్టలేదు, తిప్పలేదు, నిట్టనిలువుగా పడింది. కింది కొస నేలను తాకినప్పుడు అడ్డవేగం సున్నా. అడ్డవేగం లేకపోతే ఘర్షణ కూడా ఉండదు అనిపిస్తుంది. కానీ నేల పైకి నెట్టిన బలం కర్ర మధ్యబిందువు గుండా పోవడం లేదు, ఒక పక్కగా పోతోంది. దాంతో కర్ర తిరుగుతుంది, తిరగడంతో కింది కొస వెనక్కి తన్నుకుంటుంది. తాకిడి మొదలైన తర్వాత, ఆ తాకిడే జారుడును పుట్టించింది! ఆ జారుడుకు ఎదురుగా ఘర్షణ వచ్చి, కర్ర ఏ వైపు వాలి ఉందో మొత్తం కర్రను ఆ వైపుకు నెడుతుంది. ఇటువంటి వస్తువుల్లో నిలువు బలం అడ్డ కదలికను మారుస్తుంది, అడ్డ బలం నిలువు కదలికను మారుస్తుంది. జారుడు మొదట ఒక వైపు ఉండి, ఆగి, తాకిడి పూర్తయ్యేలోపల ఎదురు వైపుకు కూడా మళ్ళవచ్చు.

దీన్ని ఎట్లా లెక్కగట్టాలి? 19వ శతాబ్దంలో కేంబ్రిడ్జిలో ఎడ్వర్డ్ రౌత్ ఒక అందమైన దారి చూపించాడు. సెకన్లను మరిచిపొమ్మన్నాడు. నిలువు ప్రచోదనం సున్నా నుంచి కొద్దికొద్దిగా పెరుగుతుంటుంది కదా, దాన్నే గడియారంగా పెట్టుకో అన్నాడు. ఆ గడియారం ఒక్కో మెట్టు జరిగినకొద్దీ జారుడు ఎంత మారిందో గీత గీసుకుంటూ పో. జారుడు సున్నా గీతను తాకినచోట ఆగి, పట్టు నిలుస్తుందా, ఎదురు తిరుగుతుందా చూసుకో. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన ఆలోచన ఇదే. మనకు కొలవడానికి వీలుకాని సమయాన్ని పక్కనబెట్టి, చేతికందే రాశిని దాని స్థానంలో పెట్టాడాయన.

అయినా చిక్కులు మిగిలాయి. 1895లో ఫ్రాన్స్‌లో పాల్ పాంలెవె, తర్వాత ఆ దేశానికి రెండుసార్లు ప్రధాని అయిన గణితవేత్త, గరుకు తలం మీద జారే కర్రను తీసుకుని, కొన్ని పరిస్థితుల్లో సమీకరణాలకు జవాబే ఉండదని, కొన్నిట్లో ఒకటికన్నా ఎక్కువ జవాబులు వస్తాయని చూపించాడు. కర్ర అంతటా ఒకే మందంగా ఉంటే ఘర్షణ గుణకం నాలుగు బై మూడు దాటినప్పుడు ఈ చిక్కు మొదలవుతుంది. మీరు దీన్ని తరగతిలోనే చూడొచ్చు. సుద్దముక్కను లాగుతూ రాస్తే గీత సాఫీగా వస్తుంది. కొసను ముందుపెట్టి నెట్టుకుంటూ రాయండి, టకటకమని ఎగిరి చుక్కలు పడతాయి. నెట్టేటప్పుడు ఘర్షణ సుద్దముక్కను బోర్డులోకి పొడుచుకునేట్టు తిప్పుతుంది. దాంతో నొక్కుడు పెరుగుతుంది, నొక్కుడు పెరిగితే ఘర్షణ పెరుగుతుంది, మళ్ళీ నొక్కుడు. దేన్నీ ఢీకొనకుండానే ఢీకొన్నంత బలం పుడుతుంది. ఇక్కడ వేగం ఒక్కసారిగా మారినట్టు తీసుకోవాలని 1905లో లెకోర్నూ ప్రతిపాదించాడు.

ఇంకోటి 1984లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు థామస్ కేన్, ఒకదానికింద ఒకటి కట్టిన రెండు కర్రల లోలకం గరుకు తలాన్ని తాకే లెక్క చేసి చూపించాడు. న్యూటన్ ప్రత్యావస్థాన నియమం, కూలుంబ్ ఘర్షణ నియమం, రెండూ మనం రోజూ వాడేవే. రెండూ కలిపి పెడితే తాకిడి తర్వాత శక్తి పెరిగింది! బయటనుంచి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తప్పెక్కడుంది? న్యూటన్ నియమం తాకకముందు వేగాన్ని, విడిపోయాక వేగాన్ని మాత్రమే ముడిపెడుతుంది. మధ్యలో ఘర్షణ ఆగిందా, ఎదురు తిరిగిందా దానికి పట్టదు. మధ్యలో జరిగింది నిలువు కదలికను మార్చేసినా, చివర్లో అదే నిష్పత్తి రావాలని పట్టుబడుతుంది. ఆ పట్టుదల కోసం లేని శక్తి లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది.

ఫ్రెంచి గణితవేత్త పాయిసాన్ పద్ధతి వేరు. వస్తువులు ఒకదాన్నొకటి నొక్కుకునే దశలో ప్రచోదనం ఎంత, మళ్ళీ సాగే దశలో ఎంత, ఆ నిష్పత్తి తీసుకుంటారు. 1990లో స్ట్రాంజ్ ఇంకో మెట్టు ముందుకుపోయి, ఆ రెండు దశల్లో నిలువు బలం చేసిన పనుల నిష్పత్తి తీసుకున్నాడు. దాని వర్గమూలమే ప్రత్యావస్థాన గుణకం. శక్తినే ఆధారం చేసుకున్నాడు కాబట్టి లేని శక్తి పుట్టే ప్రశ్నే రాదు.

ఎవరో చెయ్యెత్తారు. అడుగు నాయనా.

"సార్, సూపర్ బాల్‌ను బల్ల కిందికి విసిరితే మళ్ళీ మన చేతికే వస్తుంది కదా. అదీ ఇదేనా?"

మంచి ప్రశ్న. మన గోళం లెక్కలో జారుడు సున్నా దాకా వచ్చి ఆగుతుంది, ఎదురు తిరగదు. సూపర్ బాల్‌లో ఎదురు తిరుగుతుంది. నేలను తాకినప్పుడు దాని రబ్బరు అడ్డంగా కూడా మెలిపడి, స్ప్రింగులాగా ఆ శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే ఒక తాకిడికి ఒక వైపు, ఇంకో తాకిడికి ఎదురు వైపు తిరుగుతూ వెనక్కి వస్తుంది. దృఢ వస్తువు అన్న ఊహ అక్కడ పనిచేయదు. బంతి అడ్డంగా ఎంత సాగుతుందో కూడా లెక్కలో పెట్టాలి.

"సార్, మా ప్రాజెక్టులో రోబో కాలు నేలకు తగిలే లెక్క ఉంది. ప్రత్యావస్థాన గుణకానికి న్యూటన్, పాయిసాన్, స్ట్రాంజ్ చెప్పిన మూడు నిర్వచనాల్లో ఏది వాడాలి?"

ముందు జారుడు దిశ చూసుకోండి. తాకిడి మొదటినుంచి చివరిదాకా ఒకే వైపు జారుతుంటే మూడూ ఒకే జవాబిస్తాయి, ఏది సులువైతే అది వాడండి. కాలు ఎగరకుండా నేలకు అతుక్కుంటుంది అనుకుంటే ప్రత్యావస్థాన గుణకం సున్నా, అప్పుడు కూడా మూడూ ఒకటే. మధ్యలో జారుడు ఆగినా, తిరగబడినా స్ట్రాంజ్ నిర్వచనం వాడండి. ఏది వాడినా ప్రతి తాకిడికీ ముందు శక్తి, వెనక శక్తి ప్రింట్ తీసి చూడండి. పెరిగిందంటే ప్రోగ్రాంలో బగ్ వెతికే ముందు మీరు తీసుకున్న నియమాన్ని అనుమానించండి.

ఘర్షణ గుణకం పుస్తకంలోంచి ఎత్తి రాయకండి. కాలికి వేసే రబ్బరు ముక్కను ఒక పలక మీద పెట్టి పలకను ఒక చివర మెల్లగా ఎత్తండి. జారడం మొదలైన కోణానికి టాన్ తీసుకుంటే కదలకముందు ఉండే గుణకం వస్తుంది. తర్వాత పలకను కొంచెం దించి, ముక్కను వేలితో కదిలిస్తే ఒకే వేగంతో జారే కోణం వెతకండి, జారేటప్పటి గుణకం అదే. మీ లెక్కకు ఎక్కువగా కావలసింది ఈ రెండోది. కడప బండ మీద ఒకసారి, సిమెంటు గచ్చు మీద ఒకసారి, తడి గుడ్డతో తుడిచి ఇంకోసారి చేయండి. మీ రోబో నడవబోయే నేల ఏదో, ఆ నేలమీది విలువే వేయండి.